9.3×62 రైఫిల్‌కి బరువు బుల్లెట్లు: 286 గ్రెయిన్లు చాలా, 300 దాటాలా?

కస్టమ్ రైఫిల్ చేయించుకునేటప్పుడు స్టాక్‌కి ఏ చెక్క, బ్యారెల్ ఎంత పొడవు, ఏ స్కోపు అన్నవన్నీ తేల్చుకుని, బుల్లెట్ సంగతి చివరికి వదిలేస్తుంటారు చాలామంది. 9.3×62 అనే పెద్ద జంతువుల వేట తూటా విషయంలో ఇది పెద్ద పొరపాటు. ఛాంబర్‌లో థ్రోట్ (తూటా కూర్చునే చోటు ముందు, రైఫ్లింగ్ అనే మెలిక గాడులు మొదలయ్యే దాకా ఉండే ఖాళీ) ఎంత లోతు, బ్యారెల్ ట్విస్ట్ (ఆ గాడులు ఒక చుట్టు తిరగడానికి పట్టే పొడవు) ఎంత, తూటాలుండే మ్యాగజైన్ పెట్టె ఎంత పొడవు అనే మూడు కొలతలూ కలిసి మీరు ఏ బుల్లెట్ వాడగలరో తేలుస్తాయి. రైఫిల్ చేతికొచ్చాక వీటిలో ఏదీ తేలిగ్గా మారదు. ముందు బుల్లెట్ ఎంచుకోండి, ఆ తర్వాతే గన్‌స్మిత్‌కి పని చెప్పండి. ఈ సమీక్ష అందుకే. 250 నుంచి 325 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌండులో 7000వ వంతు) దాకా దొరికే వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుంది, ఏది ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నదే ఇక్కడ విషయం.

చట్టం గురించి ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. కాబట్టి ఇదంతా టెక్సస్, అలాస్కా, నమీబియా లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లే మనవాళ్ల కోసం. అమెరికాలో హెచ్1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది. సీజన్ ముగిసినా రైఫిల్ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి రెన్యువల్ మర్చిపోవద్దు.

ఇక తూటా సంగతి. కేసు, నిప్పు రగిలించే ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అన్నీ కలిస్తే తూటా; దూసుకెళ్లేది బుల్లెట్ మాత్రమే. బెర్లిన్ గన్‌మేకర్ ఒట్టో బోక్ 1905లో దీన్ని తయారుచేశాడు. ఆఫ్రికాలోని జర్మన్ వలసల్లో ఉన్న రైతులకీ వేటగాళ్లకీ మామూలు మౌజర్ 98 రైఫిల్ యాక్షన్‌లోనే (బోల్ట్ ఉండే యంత్రభాగం), ఖరీదైన మాగ్నమ్ యాక్షన్ అవసరం లేకుండా, పెద్ద జంతువులకి సరిపడే బలం ఇవ్వాలన్నది ఉద్దేశం. బుల్లెట్ వ్యాసం 0.366 అంగుళం. మొదటినుంచీ దీని అసలు బరువు 285, 286 గ్రెయిన్లే. ఇప్పటి ఫ్యాక్టరీ తూటాల్లో 286 గ్రెయిన్లు సెకనుకు 2360 అడుగుల వేగంతో వెళ్తాయి, అంటే మజిల్ (బ్యారెల్ మూతి) దగ్గర సుమారు 3500 ఫుట్-పౌండ్ల శక్తి. రైఫిల్ బరువు 8.5 పౌండ్లయితే తన్ను (రీకాయిల్) 30 ఫుట్-పౌండ్ల చుట్టూ ఉంటుంది. అదే బరువున్న .30-06 రైఫిల్లో 180 గ్రెయిన్లతో అది 20 లోపే. భుజానికి తేడా బాగా తెలుస్తుంది గానీ, స్టాక్ కుదిరితే అలవాటు పడలేనంత కాదు.

బరువు గురించి మాట్లాడేటప్పుడు సెక్షనల్ డెన్సిటీ అనే లెక్క పనికొస్తుంది. బుల్లెట్ బరువుని పౌండ్లలోకి మార్చి వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. 9.3లో 250 గ్రెయిన్లకి 0.267, 286కి 0.305, 300కి 0.320, 320కి 0.341. ఒకే రకం నిర్మాణమైతే ఈ సంఖ్య పెరిగేకొద్దీ బుల్లెట్ లోతుగా దిగుతుంది. "ఒకే రకం నిర్మాణమైతే" అన్న షరతు చాలా ముఖ్యం. బుల్లెట్ తగిలిన క్షణం నుంచి దాని బరువు తగ్గుతూ, ముఖం వెడల్పవుతూ ఉంటుంది. అప్పుడు పెట్టె మీద అచ్చయిన 0.305కి అర్థం ఉండదు. సగం బరువు పోగొట్టుకునే 320 కన్నా, 95 శాతం నిలుపుకునే 286 లోతుగా వెళ్తుంది. బరువు చూసి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ట్విస్ట్ సంగతి కూడా లెక్కేసి చూడాల్సిందే. యూరప్ ప్రమాణం 360 మి.మీ.కి ఒక చుట్టు, అంటే 14.17 అంగుళాలు. అమెరికాలో బ్యారెల్ ఆర్డరిచ్చేటప్పుడు 14, 12, 10 అంగుళాల్లో కూడా అడగొచ్చు. బుల్లెట్ నిలకడని తేల్చేది బరువు కన్నా పొడవు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96 కాబట్టి అదే 286 గ్రెయిన్లు పూర్తిగా రాగితో చేస్తే బుల్లెట్ పొడవవుతుంది. 1.5 అంగుళాల పొడవున్న 286 గ్రెయిన్ల బుల్లెట్‌కి 14 అంగుళాల ట్విస్ట్‌లో, 2360 అడుగుల వేగం దగ్గర మిల్లర్ సూత్రం ప్రకారం నిలకడ సంఖ్య 1.55 దాకా వస్తుంది. 1.5 పైన ఉంటే చాలు, కానీ ఇది అంచు మీదున్నట్టే. చలిలో గాలి చిక్కబడితే ఇంకాస్త తగ్గుతుంది. 12 అంగుళాల ట్విస్ట్‌లో అదే బుల్లెట్‌కి సంఖ్య 2.1 అవుతుంది. సీసం బుల్లెట్లు మాత్రమే వాడతారనుకుంటే 14 చాలు. రాగి బుల్లెట్లూ వాడే ఉద్దేశం ఉంటే 12 అడగండి. దానివల్ల సీసం బుల్లెట్లకి వేట దూరాల్లో నష్టమేమీ లేదు.

ఇప్పుడు ఒక్కొక్క బుల్లెట్.

నోస్లర్ పార్టిషన్ 286తో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతావన్నీ దీనితో పోల్చే చూస్తారు. ఇందులో జాకెట్ (పైనుండే రాగి తొడుగు) నిలువునా కోస్తే ఇంగ్లిషు హెచ్ అక్షరంలా కనిపిస్తుంది. మధ్యలో గోడ, ముందు ఒక సీసపు గది, వెనక ఒకటి. ముందు భాగం తగలగానే విచ్చుకుని, చాలా వరకు చెదిరిపోతుంది. ఆ చెదిరిన ముక్కలే ఊపిరితిత్తుల్లో పెద్ద గాయం చేస్తాయి. గోడ వెనకున్న భాగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. మొత్తం బరువులో మూడింట రెండొంతులు మిగిలితే అది మామూలే, లోపం కాదు. 286లో బాలిస్టిక్ కోఎఫిషెంట్ (గాలిని ఎంత తేలిగ్గా చీల్చుకుపోతుందో చెప్పే సంఖ్య) 0.482, ఈ బరువుకి చాలా మంచిది. వేగం తక్కువైనా ముక్కు సులువుగా తెరుచుకుంటుంది కాబట్టి 250, 300 గజాల దగ్గర కూడా నమ్మొచ్చు. ఇబ్బంది ఒకటే. సీసపు మొన బయటికే ఉంటుంది, తన్ను ఎక్కువున్న రైఫిల్లో మ్యాగజైన్ అడుగున ఉన్న తూటాల మొనలు పెట్టె ముందు గోడకి కొట్టుకుని చప్పిడవుతాయి. 200 గజాల లోపు దీనివల్ల గురి చెప్పుకోదగ్గంత మారదు. చూడ్డానికి మాత్రం బాగోదు. ఎల్క్, మూస్ అనే పెద్ద జింకజాతులకీ, ఆఫ్రికా కూడూలకీ ఒకే బుల్లెట్ చాలనుకునేవాళ్లకి నా ఓటు దీనికే.

స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ కూడా మధ్య గోడ ఉన్నదే. కాకపోతే ముందు గదిలోని సీసం జాకెట్‌కి అతికించి ఉంటుంది. అందుకే చెదిరిపోకుండా వెడల్పాటి పుట్టగొడుగులా తెరుచుకుని, దాదాపు బరువంతా నిలుపుకుంటుంది. జంతువులోంచి తీసిన ఎ-ఫ్రేమ్‌ని చేతిలోకి తీసుకుని చూస్తే గోడ వెనక భాగం కాస్త ఉబ్బి కనిపిస్తుంది. బుల్లెట్ వేగం ఒక్కసారిగా తగ్గినప్పుడు వెనకనున్న సీసం ముందుకు తోసిన గుర్తు అది. 250, 286, 300 గ్రెయిన్లలో దొరుకుతుంది. ముఖం అంత వెడల్పుగా తెరుచుకుంటుంది కాబట్టి లోతు పార్టిషన్ కన్నా మరీ ఎక్కువేం కాదు. కొందరు ఊహించినంత తేడా ఉండదు. దీని గొప్ప అంతా ఎముక మీద. ఈలాండ్ లాంటి బరువైన జంతువుని ఏటవాలుగా, జబ్బ మీదుగా కొట్టాల్సి వస్తే పార్టిషన్ కన్నా ఇదే నయం. 300 గ్రెయిన్లది దగ్గరి వేటకి బాగుంటుంది గానీ, దానికోసం 286ని వదులుకోవాల్సిన పని లేదు. పైపెచ్చు ఖరీదు ఎక్కువ. ప్రాక్టీసుకి కూడా ఇదే కాలిస్తే జేబు ఖాళీ అవుతుంది.

వుడ్‌లీ వెల్డ్‌కోర్ ఆస్ట్రేలియాది. గుండుమొన, అతికించిన సీసం, 286లోనూ 320లోనూ వస్తుంది. 9.3కి బరువైన బుల్లెట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఈ 320 గ్రెయిన్లదే. 2200 అడుగుల చుట్టూ వేగంతో, 0.341 సెక్షనల్ డెన్సిటీతో, 100 గజాల లోపు దట్టమైన పొదల్లో పెద్ద ఎలుగుబంటి, అడవిదున్నల్లాంటి వాటికి తగిన బుల్లెట్. గుండుమొన మొదటినుంచే ముఖం వెడల్పుగా ఉంటుంది కాబట్టి తగిలిన వెంటనే పని మొదలవుతుంది. కానీ దూరం పెరిగేకొద్దీ వేగం గబగబా పడిపోతుంది. 150 గజాలు దాటాక దీన్ని ఎంచుకోవడానికి కారణమే కనిపించదు. మరో సంగతి. చాలా ఆఫ్రికా దేశాల్లో అడవిదున్న, ఏనుగు లాంటి ప్రమాదకర జంతువులకి కనీస కాలిబర్ .375. 320 గ్రెయిన్లు కొన్నంత మాత్రాన 9.3ని అక్కడ అనుమతించరు. టికెట్ కొనకముందే ఆ దేశపు నిబంధన చూసుకోండి. అడవిదున్నే ముఖ్యమైతే అసలు .375 హెచ్&హెచ్ చేయించుకోవడమే మంచిది.

బార్న్స్ టీఎస్ఎక్స్ పూర్తిగా రాగి. 250, 286 గ్రెయిన్లలో ఉంది. మొనలో చిన్న గుంట. తగలగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పోదు, నేరుగా దూసుకుపోతుంది. లోతు విషయంలో ఇక్కడ చెప్పిన బుల్లెట్లలో దీన్ని మించింది లేదు. అందుకే రాగి విషయంలో ఒక మెట్టు తగ్గడం సమంజసం. 250 గ్రెయిన్ల టీఎస్ఎక్స్ లోతులో 286 సీసం బుల్లెట్లకి తీసిపోదు, పైగా 2550 అడుగుల చుట్టూ వేగంతో వెళ్తుంది, తక్కువ వంగుతుంది. 286 టీఎస్ఎక్స్ మాత్రం పొడవు వల్ల కేసులో చోటు తినేస్తుంది, పౌడర్‌కి చోటు తగ్గుతుంది. రాగి బుల్లెట్‌కి వేగం కావాలి. తగిలేటప్పుడు 1800 అడుగులకి దిగువనుంటే రేకులు సరిగ్గా తెరుచుకుంటాయన్న నమ్మకం తగ్గుతుంది. 286ని నెమ్మదిగా పంపి 300 గజాల్లో రాగి పనితనం ఆశించకూడదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం నిషిద్ధం కాబట్టి, అక్కడ వేటాడేవాళ్లకి రాగి తప్ప దారి లేదు. వాళ్లు నేరుగా 250 తీసుకోవాలి.

హార్నడీ 286 ఇంటర్‌లాక్ చవక, మామూలు సీసం-జాకెట్ బుల్లెట్, లోపల ఒక రింగు సీసాన్ని పట్టి ఉంచుతుంది. 2360 అడుగులతో బయల్దేరి 300 గజాల్లో 1780 చుట్టూ ఉంటుంది. స్కోపుని 200 గజాలకి సరిచేసుకుంటే 300 దగ్గర సుమారు పన్నెండు అంగుళాలు కిందికి పడుతుంది. ప్రాక్టీసుకీ, జింకలకీ, పందులకీ ఇది చాలు. దీనితోనే స్కోపు డయల్ అలవాటు చేసుకుని, వేటకి పార్టిషన్‌కి మారితే ఖర్చు బాగా కలిసొస్తుంది. కాకపోతే మారాక తప్పకుండా మళ్లీ సరిచూసుకోవాలి. బరువు ఒకటే అయినా రెండు బుల్లెట్లూ ఒకే చోట తగలవు.

నార్మా ఒరిక్స్ 285, 325 గ్రెయిన్లలోనూ, లపువా మెగా 285లోనూ ఫ్యాక్టరీ తూటాలుగా వస్తాయి. సొంతంగా తూటాలు లోడ్ చేసుకోనివాళ్లకి ఇవి మంచి దారి. రెండూ స్కాండినేవియా మూస్ వేటకి నప్పేవే, త్వరగా వెడల్పుగా తెరుచుకుంటాయి. మాంసం పాడవడం తక్కువ. గట్టి ఎముక దాటి అవతల బయటపడాలంటే మాత్రం ఎ-ఫ్రేమ్ ముందు ఇవి రెండో స్థానమే.

ఇప్పుడు అసలు కిటుకు. మౌజర్ 98 పెట్టెలో యూరప్ ప్రమాణం ప్రకారం తూటా మొత్తం పొడవు 83.6 మి.మీ. మించకూడదు. ఇదే పొడవుకి సూదిమొన పార్టిషన్‌నీ, గుండుమొన వుడ్‌లీనీ కూర్చోబెట్టి పక్కపక్కన పెట్టి చూడండి. గుండుమొన బుల్లెట్ పూర్తి వ్యాసం ఇంచుమించు మొన దాకా సాగుతుంది. సూదిమొనది చాలా వెనకే సన్నబడటం మొదలవుతుంది. కాబట్టి ఒకే పొడవులో ఉన్నా, గుండుమొన బుల్లెట్ భుజం రైఫ్లింగ్‌కి ఎంతో దగ్గరగా ఉంటుంది. సూదిమొనని చూసి పొట్టిగా కోసిన థ్రోట్‌లో 320 గ్రెయిన్ల వుడ్‌లీ రైఫ్లింగ్‌లోకి ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కుంటే ప్రెజర్ పెరుగుతుంది. కాల్చకుండా బోల్ట్ తెరిస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి, పౌడర్ అంతా యాక్షన్‌లో ఒలుకుతుంది. వేటలో అంతకన్నా ఘోరం లేదు. పోనీ అని బుల్లెట్‌ని లోతుగా నొక్కితే పౌడర్ చోటు తగ్గి వేగం పోతుంది, ప్రెజర్ లెక్కా మారుతుంది.

దీనికి మందు డమ్మీ తూటాలు. ప్రైమర్, పౌడర్ లేని కేసులు తీసుకుని, పక్కన చిన్న రంధ్రం చేసి గుర్తు పెట్టండి, పొరపాటున కూడా అసలు తూటాలతో కలవకూడదు. మీరు వాడదలచిన ప్రతి బుల్లెట్‌తో ఐదేసి చొప్పున, మీ మ్యాగజైన్‌లో 1 మి.మీ. చోటు మిగిలేలా కూర్చోబెట్టండి. వాటిని గన్‌స్మిత్‌కి ఇచ్చి, గుండుమొన బుల్లెట్ రైఫ్లింగ్‌కి 0.030 నుంచి 0.050 అంగుళం దూరంలో ఆగేలా థ్రోట్ కోయమనండి. టీఎస్ఎక్స్‌కి 0.050 దూరం ఉండాలని బార్న్స్ వాళ్లే చెబుతారు, ఆ దూరం ఎక్కువైనా అది పెద్దగా పట్టించుకోదు కాబట్టి సమస్య లేదు. ఇవే డమ్మీలతో ఫీడింగ్ కూడా చూడాలి. నిండు మ్యాగజైన్‌లోంచి ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గట్టిగా బోల్ట్ తోసి చూడండి. నెమ్మదిగా తోసినప్పుడే గుండుమొన ర్యాంపు (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలు) అంచుకి తగులుకుని ఆగేది తెలుస్తుంది. ర్యాంపు నున్నగా చేయించడం ఆ దశలో చిన్న పని, బ్లూయింగ్ (లోహానికి నీలిరంగు పూత) అయ్యాక పెద్ద పని. పాత రైఫిల్ కొన్నవాళ్లు ఛాంబర్‌ని సెర్రోసేఫ్ అనే తేలిగ్గా కరిగే లోహంతో అచ్చు తీయించి థ్రోట్ కొలవడం మంచిది. రెమింగ్టన్ 700 లాంటి లాంగ్ యాక్షన్ అయితే పెట్టె పొడవు సుమారు 3.6 అంగుళాలు ఉంటుంది కాబట్టి ఈ తంటా తక్కువ.

లోడింగ్ గురించి. పౌడర్ మోతాదులు ఇక్కడ రాయడం లేదు. ఏ బుల్లెట్‌కి ఆ కంపెనీ పుస్తకంలో ఇచ్చిన ఆరంభ మోతాదు నుంచే మొదలుపెట్టాలి. ముఖ్యంగా 286 పార్టిషన్ మోతాదుని 286 టీఎస్ఎక్స్‌కి వాడకూడదు. బరువు ఒకటే అయినా రాగి బుల్లెట్ పొడవు ఎక్కువ, చోటు ఎక్కువ తింటుంది, రైఫ్లింగ్‌లోకి దిగేటప్పుడు తీరు వేరు. రీలోడర్ 15, వార్గెట్, విటావూరి ఎన్140 లాంటి మధ్యస్థ వేగపు పౌడర్లు ఈ కేసుకి బాగా నప్పుతాయి. కేసు నోరు పట్టు చూడటానికి, డమ్మీ మొనని బల్ల అంచుకి గట్టిగా అదిమి, ముందూ తర్వాతా పొడవు కొలవండి. కొంచెమైనా లోపలికి జారితే నెక్ (కేసు మెడ) సైజింగ్ బిగువు పెంచాలి, లేదా క్రింప్ గాడి ఉన్న బుల్లెట్‌కి తేలిగ్గా క్రింప్ వేయాలి (కేసు నోటిని ఆ గాడిలోకి నొక్కాలి). పార్టిషన్‌కి గాడి లేదు, అక్కడ నెక్ బిగువే దిక్కు.

టెక్సస్ మనవాళ్లకి ఒక ప్రత్యేక విషయం. 1920లు, 30లలో కింగ్ రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రం తెచ్చి వదిలిన మనుబోతులు దక్షిణ టెక్సస్‌లో ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. అవి అక్కడి జంతువు కాదు కాబట్టి సీజన్ పరిమితి లేదు, హంటింగ్ లైసెన్సు మాత్రం తప్పనిసరి. పెద్ద పోతు 600 పౌండ్ల దాకా తూగుతుంది, దెబ్బ తిన్నా చాలా దూరం పరిగెత్తుతుంది. మెడ మీద చర్మం దళసరి, గుండె బాగా కింద, ముందు జబ్బల మధ్యన. గాయం నుంచి రక్తం నేల మీద తక్కువ పడుతుంది, ముళ్లపొదల్లో జాడ పట్టడం కష్టం. అందుకని ఊపిరితిత్తుల వెనక భాగానికి గురిపెట్టడం కన్నా, ముందు జబ్బ కింది మూడో వంతులో కొట్టి, ఎముక దాటి అవతలి పక్కన బయటపడేలా చూడటం మేలు. రెండు రంధ్రాలుంటే జాడ దొరుకుతుంది. ఇక్కడ 286 ఎ-ఫ్రేమ్ గానీ 250 టీఎస్ఎక్స్ గానీ. 320 వుడ్‌లీ ఇక్కడ వృథా, దూరాలు 200 గజాల దాకా పోతాయి.

కాల్చి చూడటం దగ్గరికి వస్తే, చల్లటి బ్యారెల్ నుంచి మూడేసి తూటాల గ్రూపులు, 100 గజాల్లోనూ 200లోనూ. 200 గజాల్లో 3 అంగుళాల లోపు పడితే ఈ కాలిబర్‌కి చాలు, అంతకన్నా బిగించాలని బుల్లెట్లు మారుస్తూ పోవడం డబ్బు దండగ. రాగి నుంచి సీసానికి, సీసం నుంచి రాగికి మారే ముందు బ్యారెల్‌లోని రాగి పూతని సాల్వెంట్‌తో పూర్తిగా తీసేయండి. లేకపోతే మొదటి గ్రూపు చెదిరి, తప్పు బుల్లెట్ మీదికి పోతుంది. బుల్లెట్లు ఎలా తెరుచుకుంటాయో చూడాలంటే ఒక రోజంతా నీళ్లలో నానబెట్టిన పాత పేపర్ల కట్టల్లోకి, రేంజ్ అనుమతిస్తే, కాల్చి, దిగిన లోతు కొలిచి, బయటికి తీసి తూకం వేయండి. ఆ అంకెలు జంతువుకి వర్తించవు, ఒక బుల్లెట్‌ని మరొకదానితో పోల్చుకోవడానికి మాత్రమే.

కొనేటప్పుడు ఎంచుకున్న బుల్లెట్‌ని ఒకే లాట్ (తయారీ విడత) నంబరున్న పెట్టెల్లో, ఒకేసారి, ఏళ్ల తరబడి సరిపోయేన్ని తీసుకోండి. 9.3 బుల్లెట్లు .30 కాలిబర్‌లా ప్రతి దుకాణంలో దొరకవు, ఒకసారి అయిపోతే మళ్లీ నెలల తరబడి చూడాల్సి రావచ్చు. లాట్ మారితే మోతాదుని ఒక గ్రెయిన్ తగ్గించి మళ్లీ పైకి వచ్చి, స్కోపు సరిచూసుకున్నాకే ఆ తూటాలు వేట సంచిలోకి వెళ్లాలి.